రంగస్థలం సినిమాకు మెట్టా? పాడుతూ ఆడేవారి వృత్తి గురించి

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తున్నా లోపల మూడు ఉన్నాయి. పాట, నృత్యం, నటన మూడూ పట్టుబడిన మనిషి ముందు బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్‌లోని పేరున్న నాటకశాలల్లో పేరు తెచ్చుకుని, అక్కడి నుంచి హాలీవుడ్ మ్యూజికల్స్‌లోకి, అంటే పాటలు, నృత్యాలతో కథ నడిపే సినిమాల్లోకి వెళ్లడమే ఈ వృత్తిలో రాజమార్గమా? అలాగైతే రంగస్థలం మీద ఒక పాత్రకు ప్రాణం పోసినవారు, అదే నాటకం సినిమాగా వచ్చేసరికి ఎందుకు కనిపించరు? మోకాళ్లు అరిగేదాకానేనా ఈ బతుకు?

పాతికేళ్లుగా నృత్యం నేర్పుతున్నాను. ఈ సినిమాల్లోని నృత్యాలను ఒక్కో అడుగు దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూడటం నాకు పాత జబ్బు. ఆ చనువుతో చెబుతున్నాను: రంగస్థలం సినిమాకు మెట్టు కాదు. రెండూ పక్కపక్క ఇళ్లు. గోడ ఒకటే, గుమ్మాలు వేరు. ఒకే ఒంటి చేత అవి రెండు వేర్వేరు చాకిరీలు చేయించుకుంటాయి.

ముందు ఊపిరి సంగతి చూద్దాం. పాడేటప్పుడు గాలిని పొదుపుగా, సన్నని ధారగా వదలాలి. ఆడేటప్పుడు గుండె వేగం పెరిగి ఒళ్లంతా గాలి కోసం అల్లాడుతుంది. పైగా గిరగిరా తిరగడానికి, ఎగిరి నిలకడగా దిగడానికి నడుమును బిగించి పట్టే పొట్ట కండరాలే పాటలో గాలిని అదుపు చేసేవి కూడా. ఒకే కండరానికి ఒకే క్షణంలో రెండు ఉద్యోగాలు. కొత్తగా వచ్చిన విద్యార్థులకు పాట విడిగా చక్కగా వస్తుంది, అడుగులు విడిగా చక్కగా వస్తాయి. రెండూ కలపమంటే రెండో చరణానికల్లా శ్రుతి కిందికి జారుతుంది, లేదంటే చేతులు చచ్చుబడతాయి. అందుకే అనుభవమున్న నృత్య దర్శకులు అడుగులు కూర్చేటప్పుడే ఊపిరి పీల్చుకునే చోట్లు కూడా కూరుస్తారు. చూసేవారికి సొగసుగా ఆగినట్టు కనిపించే భంగిమ చాలాసార్లు కళాకారిణి గుక్క తిప్పుకునే చోటు.

బ్రాడ్‌వేలో వారానికి ఎనిమిది ప్రదర్శనలు ఆనవాయితీ. అదే పాట, అదే గెంతు, అదే చిరునవ్వు, కొన్ని రోజులైతే రెండు పూటలా. ఒక రాత్రి అద్భుతంగా ఆడేవారు చాలామందే ఉంటారు. మూడువందలో రాత్రి, జలుబుతో, సగం నిండిన హాలు ముందు, మొదటి రాత్రి ఆడినట్టు ఆడగలవారికే అక్కడ ఉద్యోగం నిలుస్తుంది. ఎథెల్ మెర్మన్ 1930లో 'గర్ల్ క్రేజీ'తో బ్రాడ్‌వేకు వచ్చిన రోజుల్లో ఒంటికి తగిలించుకునే మైకులు లేవు. వాద్యబృందాన్ని దాటుకుని చివరి వరుసలో కూర్చున్నవారికి ప్రతి మాటా చేరాల్సిందే. ఆమె గొంతు ఆ పనికి పెట్టింది పేరు.

సినిమాలో ఈ లెక్క తలకిందులవుతుంది. 1929లో 'ది బ్రాడ్‌వే మెలడీ' తీస్తున్నప్పుడు ఒక నృత్య సన్నివేశాన్ని మళ్లీ చిత్రీకరించాల్సి వచ్చింది. శబ్దం మొదటిసారే బాగా వచ్చింది కాబట్టి దాన్నే వినిపిస్తూ బొమ్మ మాత్రం తీశారు. క్రమంగా పాటను ముందే రికార్డు చేసుకోవడం, చిత్రీకరణలో పెదవులు కలపడం, ట్యాప్ (లోహపు పలకలు బిగించిన బూట్లతో నేలను తడుతూ ఆడే నృత్యం) చప్పుళ్లను తరవాత విడిగా చేర్చడం మామూలైపోయింది. అలా ఊపిరి బాధ తీరింది, ఇంకో బాధ మొదలైంది. రంగస్థలం మీద ఈ రోజు తడబడిన అడుగును రేపు సరిదిద్దుకోవచ్చు. ఫిల్ముకెక్కిన అడుగు ఎప్పటికీ అలాగే ఉంటుంది. అందుకే తీసిందే తీయడం. 'స్వింగ్ టైమ్' (1936) చివర్లో వచ్చే యుగళ నృత్యానికి 47 టేకులు పట్టాయని, జింజర్ రోజర్స్ పాదాలు రక్తమోడాయని ఈ రంగంలో అందరూ చెప్పుకునే మాట.

ఆ నృత్యంలో ఆమె జోడీ ఫ్రెడ్ ఆస్టేర్. రాజమార్గానికి ఉదాహరణగా అందరూ ఆయన్నే చూపిస్తారు కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. 1899లో ఒమాహాలో పుట్టి, 1905లో అక్క అడెల్‌తో కలిసి వాడవిల్ వేదికలెక్కారు. వాడవిల్ అంటే పాట, ఆట, హాస్యం, గారడీ ఒకదాని తరవాత ఒకటి వచ్చే కదంబ ప్రదర్శన. 1917లో బ్రాడ్‌వేకు వచ్చారు. 1924లో గెర్ష్విన్ సోదరుల 'లేడీ, బీ గుడ్!'తో ఇద్దరూ పెద్ద తారలయ్యారు. ఆ జంటలో జనం ఎక్కువ మెచ్చింది అక్కనే. 1932లో ఆమె పెళ్లి చేసుకుని వేదిక దిగిపోయినప్పుడు తమ్ముడికి ముప్పై మూడేళ్లు నిండబోతున్నాయి. ఒంటరిగా నిలబడగలడా అన్న అనుమానం గట్టిగానే ఉండేది. మరుసటి ఏడాది సినిమాకు వెళ్లారు. అంటే తెర మీద మనకు అలవోకగా కనిపించే ఆ నడక వెనక సుమారు 27 ఏళ్ల వేదిక ఉంది. దాన్ని మెట్టు అంటే ఆ 27 ఏళ్లను చిన్నబుచ్చినట్టే.

సినిమాకు వెళ్లి ఆయన చేసిన పని ఇంకా ముఖ్యం. నృత్యాన్ని తల నుంచి పాదం దాకా పూర్తిగా చూపాలని, వీలైనంత తక్కువ కోతలతో పొడవాటి షాట్లలో తీయాలని పట్టుబట్టారు. మధ్యలో ముఖానికి, పాదాలకు విడివిడిగా దగ్గరి షాట్లు వేస్తే ఎవరినైనా నర్తకుడిలా చూపించవచ్చని ఆయనకు బాగా తెలుసు. నృత్య దర్శకుడు హెర్మీస్ పాన్‌తో కలిసి, చిత్రీకరణకు ముందే వారాల తరబడి అడుగులు సాధన చేసేవారు. వేదికకున్న నిజాయితీని కెమెరా ముందుకు తీసుకెళ్లారని నా అభిప్రాయం. అదే కాలంలో బస్బీ బర్కిలీ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. కెమెరాను పైకెత్తి, పదుల కొద్దీ అమ్మాయిలను పూరేకుల్లా, చక్రాల్లా పేర్చారు. కంటికి పండుగే. కానీ ఆ రేకుల్లో ఒకరైన నర్తకికి తన ముఖం తెర మీద దొరకడం కష్టం. వృత్తి కోణంలో ఈ తేడా చిన్నది కాదు.

జీన్ కెలీ మూడో దారి. 1940లో బ్రాడ్‌వేలో 'పాల్ జోయీ'తో వెలిగి, 1942కల్లా తెర మీదికి వచ్చారు. వేదిక మీద నర్తకుడికి లోతు ఉంటుంది, తెర మీద బొమ్మ చదునైపోతుంది అన్న బాధ ఆయన్ని వెంటాడింది. దానికి విరుగుడుగా సినిమాలో మాత్రమే సాధ్యమయ్యేవి వెతికారు. 1944లో తన ప్రతిబింబంతో తనే ఆడారు, 1945లో కార్టూన్ ఎలుకతో ఆడారు. 1951లో 'యాన్ అమెరికన్ ఇన్ ప్యారిస్' చివర దాదాపు 17 నిమిషాల బ్యాలే పెట్టారు. మరుసటి ఏడాది వచ్చిన 'సింగిన్ ఇన్ ద రెయిన్'లో వానలో గొడుగుతో చేసిన ఆ ప్రసిద్ధ నృత్యాన్ని 103 డిగ్రీల జ్వరంతో చేశారు. అందులో ఆనందం అంత సహజంగా ఎలా వచ్చిందని నన్ను అడుగుతుంటారు. అంతకు ముందు సాధనలో అడుగులన్నీ ఒంటికి అంటుకుపోయి ఉంటాయి. తలకు జ్వరం ఉన్నా కాళ్లకు దారి తెలుసు.

ఇక మీ రెండో ప్రశ్న. నాకు ఎప్పుడూ కోపం తెప్పించే విషయం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను.

బ్రాడ్‌వే నాటకం సినిమా హక్కులు అమ్ముడయ్యాక, పాత్ర ఎవరికి ఇవ్వాలన్నది స్టూడియో ఇష్టం. ఆ పాత్రను పుట్టించిన కళాకారిణికి దాని మీద ఏ హక్కూ ఉండదు. పెట్టుబడి పెద్దది కాబట్టి దేశమంతా తెలిసిన ముఖం కావాలంటారు. న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి టికెట్లు దొరకనివ్వని తార, ఎక్కడో ఊళ్లో సినిమా హాలుకు వెళ్లేవారికి ఎవరో తెలియదు. అందుకే చేతికందిన ముద్ద నోటికందని కథలు ఇన్ని. 'యానీ గెట్ యువర్ గన్' 1946లో మెర్మన్‌ది, 1950 సినిమా బెటీ హట్టన్‌కు పోయింది. 'జిప్సీ' 1959లో మళ్లీ మెర్మన్‌దే, 1962 సినిమా రోజలిండ్ రసెల్‌ది. మేరీ మార్టిన్ 'సౌత్ పసిఫిక్', 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' రెండూ వేదిక మీద నిలబెట్టారు, తెర మీద ఒక్కటీ దక్కలేదు. చీటా రివేరా 1957లో 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో అనితగా దుమ్ము రేపారు. 1961 సినిమాలో అనితగా రీటా మొరేనో ఆస్కార్ అందుకున్నారు.

ఇందులో ఇంకో విశేషం గమనించారా? 1956లో 'మై ఫెయిర్ లేడీ' నాటకంలో రెక్స్ హారిసన్, జూలీ ఆండ్రూస్ జంట. 1964 సినిమాలో హారిసన్ ఉన్నారు, ఆండ్రూస్ లేరు. 'ది మ్యూజిక్ మ్యాన్'లో వేదిక మీద రాబర్ట్ ప్రెస్టన్, బార్బరా కుక్. సినిమాలో ప్రెస్టన్ ఉన్నారు, కుక్ లేరు. నాయకుడికి అతని నటనే అర్హత అయింది, నాయికకు మాత్రం ముఖం, ముద్ర కావాలన్నారు. ఇది లెక్కలు కట్టి చెబుతున్న సూత్రం కాదు, ఈ జాబితా మళ్లీ మళ్లీ చూసినప్పుడు కంట్లో నలుసులా తగిలే సంగతి. 'ఫనీ గర్ల్'ను 1964లో వేదిక మీద, 1968లో తెర మీద తానే చేసి ఆస్కార్ గెలిచిన బార్బ్రా స్ట్రైసండ్ దీనికి మినహాయింపు.

జూలీ ఆండ్రూస్ పాత్ర ఆడ్రీ హెప్‌బర్న్‌కు వెళ్లింది కదా, హెప్‌బర్న్ పాటల్లో చాలా భాగం పాడింది మార్నీ నిక్సన్. 'ది కింగ్ అండ్ ఐ'లో డెబొరా కెర్‌కు, 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నటాలీ వుడ్‌కు గొంతు ఇచ్చింది కూడా ఆమే. పాడగలిగిన తారను వదిలి, పాడలేని తారను తెచ్చి, ఆ తారకు గొంతు అరువు తేవడం. తెర మీద పేరు కూడా వేయకుండా! ఆండ్రూస్ మాత్రం అదే 1964లో 'మేరీ పాపిన్స్' చేసి ఉత్తమ నటిగా ఆస్కార్ ఇంటికి తీసుకెళ్లారు. అలాంటి న్యాయం అందరికీ జరగదు.

గ్వెన్ వెర్డన్ కథ చెప్పకుండా ఉండలేను. చిన్నప్పుడు రికెట్స్‌తో కాళ్లు వంకరపోయిన పిల్ల, నృత్యంతోనే వాటిని నిలబెట్టుకుంది. నృత్య దర్శకుడు జాక్ కోల్ దగ్గర ఏళ్ల తరబడి సహాయకురాలిగా ఉండి హాలీవుడ్ తారలకు అడుగులు నేర్పింది. 1953 నుంచి 1959 మధ్య నాలుగు నాటకాలు, నాలుగు టోనీలు (బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే పెద్ద పురస్కారాలు). 1966లో 'స్వీట్ చారిటీ' ఆమె కోసమే పుట్టినట్టు ఉండేది. 1969 సినిమాలో ఆ పాత్ర షర్లీ మెక్లేన్‌కు ఇచ్చారు. వెర్డన్ ఏం చేశారో తెలుసా? ఆ సినిమా నృత్యాలకు తెర వెనక సాయం చేశారు.

మరి ఈ మెక్లేన్ ఎక్కడి నుంచి వచ్చారు? 1954లో 'ది పజామా గేమ్' బృందంలో ఒక నర్తకి. ముఖ్య నర్తకి క్యారల్ హేనీకి అండర్‌స్టడీ, అంటే ఆ పాత్రను నేర్చుకుని పక్కన సిద్ధంగా ఉండే మనిషి. హేనీ చీలమండ దెబ్బతిని ఆడలేకపోయినప్పుడు మెక్లేన్ వేదికెక్కారు. అలా ఆడుతున్న రోజుల్లోనే హాల్ వాలిస్ అనే సినీ నిర్మాత చూసి ఒప్పందం కుదుర్చుకున్నారు. ఈ ఉదంతాన్ని అందరూ అదృష్టం అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. చీలమండ దెబ్బ తినడం యాదృచ్ఛికం, ఆ రాత్రి పాత్ర మొత్తం నోటికి, కాళ్లకు వచ్చి ఉండటం యాదృచ్ఛికం కాదు. హేనీ కథ కూడా అక్కడితో ఆగలేదు. ఆ తరవాత ఆమె నృత్య దర్శకురాలయ్యారు. స్ట్రైసండ్‌ను తారను చేసిన 'ఫనీ గర్ల్' నృత్యాలు ఆమెవే.

రాజమార్గం వెతికేవారు ఈ అండర్‌స్టడీలను, స్వింగ్‌లను చూడరు. స్వింగ్ అంటే బృందంలో ఎవరు రాకపోయినా వారి చోట నిలబడగల నర్తకి. ఒకే నృత్యాన్ని ఆరేడుగురి స్థానాల్లోంచి, కుడిని ఎడమగా ఎడమను కుడిగా మార్చుకుని గుర్తు పెట్టుకోవాలి. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని అది, చప్పట్లు అన్నిటికంటే తక్కువ పడే పని కూడా. బృంద నర్తకులకు బ్రాడ్‌వేలో 1950 నుంచి ఒక ముచ్చటైన ఆచారం ఉంది. కొత్త నాటకం మొదటి రాత్రి, బృందంలో అందరికంటే ఎక్కువ బ్రాడ్‌వే నాటకాల్లో ఆడినవారికి ఒక అంగీ తొడుగుతారు. నాటకం నుంచి నాటకానికి చేతులు మారే అంగీ అది. తారలకు దాంట్లో భాగం లేదు.

ఆ బృంద నర్తకుల కథలే 1975లో 'ఎ కోరస్ లైన్' అయ్యాయి. నృత్య దర్శకుడు మైకేల్ బెనెట్ 1974 జనవరిలో నర్తకులను ఒకచోట కూర్చోబెట్టి రాత్రంతా మాట్లాడించి టేపు చేశారు. తమ జీవిత కథల మీద హక్కును వారు ఒక్కో డాలరుకు రాసిచ్చారు. నాటకం విజయవంతమయ్యాక రాబడిలో కొంత వాటా దక్కింది. 1990లో ముగిసేనాటికి అది 6,137 ప్రదర్శనలు ఆడింది. సంతకం పెట్టేముందు చదవమని నా విద్యార్థులకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఒక్క డాలరు సంగతే చెబుతాను. అంతకు ముందు కాలం ఇంకా ఘోరం: 1919లో నటీనటులు సమ్మె చేసేనాటికి బృంద నర్తకులు వారాల తరబడి జీతం లేకుండా రిహార్సల్స్ చేసేవారు.

నల్లజాతి కళాకారులకు పైన చెప్పిన రెండు గుమ్మాలూ సగమే తెరుచుకున్నాయని కూడా చెప్పాలి. బిల్ రాబిన్సన్ మెట్ల మీద చేసిన ట్యాప్ నృత్యం ఎందరికో పాఠ్యపుస్తకం. 'స్టార్మీ వెదర్' (1943)లో నికోలస్ సోదరులు ఒకరి తల మీదుగా ఒకరు దూకి మెట్ల మీద కాళ్లు చాపి దిగే దృశ్యం చూస్తే ఇప్పటికీ నా మోకాళ్లు నొప్పెడతాయి. అంతటి వారికి నాయక పాత్రలు చాలా అరుదు. లీనా హోర్న్ పాటలను కథతో ముడిపడకుండా విడిగా పెట్టేవారు. వర్ణవివక్ష పాటించే అమెరికా దక్షిణాది రాష్ట్రాల హాళ్లలో వాటిని కత్తిరించినా సినిమా తెగకుండా ఉండాలని! ప్రతిభ ఉంటే దారి దానంతట అదే తెరుచుకుంటుందనేవారికి ఈ మూడు పేర్లు చాలు.

ఇక మూడో ప్రశ్న, వయసు. కాళ్ల గురించి అందరూ భయపడతారు, గొంతు గురించి ఎవరూ భయపడరు. నేను చూసినంతలో గొంతు ముందు మోసం చేసినవారు తక్కువేం కాదు. జూలీ ఆండ్రూస్ 1997లో గొంతు శస్త్రచికిత్స తరవాత తన పాట పోగొట్టుకున్నారు. వెర్డన్ 1975లో, యాభై ఏళ్ల వయసులో, 'షికాగో' ఆడుతూ గొంతు చికిత్సకు సెలవు పెడితే లైజా మినెలీ కొన్ని వారాలు ఆ పాత్ర మోశారు. కాళ్ల విషయానికొస్తే, చీటా రివేరా 1986లో కారు ప్రమాదంలో కాలు తీవ్రంగా విరగ్గొట్టుకున్నారు. 1993లో, అరవై ఏళ్ల వయసులో, మళ్లీ వేదిక మీద టోనీ గెలిచారు. అంత ఎత్తుకు కాలు లేవనప్పుడు ఏం చేయాలో ఆమెకు తెలుసు: చెయ్యి, చూపు, నిలుచునే తీరు, ఏ తాళం మీద కదలాలి, ఏ తాళం వదిలేయాలి. ఆస్టేర్ గోడల మీదుగా పైకప్పు మీదికి వెళ్లి ఆడే నృత్యం చేసినప్పుడు ఆయనకు యాభై దాటింది. 1930ల నాటి తెర తార రూబీ కీలర్ 1971లో, అరవై ఏళ్ల ప్రాయంలో, బ్రాడ్‌వేకు తిరిగి వచ్చి ట్యాప్ చేశారు.

వీళ్లు అసాధారణులు, నిజమే. ఎక్కువమందికి ముప్పై అయిదు దాటేసరికి బృందంలో చోటు తగ్గుతుంది. అప్పుడు డాన్స్ కెప్టెన్‌గానో (నాటకం నడిచినన్నాళ్లూ బృందం అడుగులు చెదరకుండా చూసేవారు), నృత్య దర్శకుల సహాయకులుగానో, బోధనలోకో మళ్లుతారు. దాన్ని ఓటమిగా చూడకండి. ఆ పనికి కావలసిన జ్ఞాపకం, ఓర్పు అప్పటికే ఒంట్లో ఉంటాయి.

ఇప్పటి పరిస్థితికి ఒక్క ఉదాహరణ. అరియానా డిబోస్ 2015లో 'హామిల్టన్' బృందంలో ఒకరిగా ఆడారు. 2021 'వెస్ట్ సైడ్ స్టోరీ' సినిమాలో అనితగా చేసి ఆస్కార్ తీసుకున్నారు. రివేరా పుట్టించి మొరేనోకు పేరు తెచ్చిన అదే పాత్ర.

మీరు సాధన మొదలుపెట్టారన్నారు కాబట్టి నేను చూసే నాలుగు సంగతులు చెబుతాను. మొదటిది, పాట కూర్చుని నేర్చుకోకండి. నడుస్తూ, తరవాత గెంతుతూ, తరవాత తాడాట ఆడుతూ పాడండి. శ్రుతి ఎక్కడ జారుతుందో అక్కడే మీ పని ఉంది. రెండోది, ఆడిషన్‌లో మీకు సాధారణంగా దొరికేది 16 బార్ల (తాళపు ఆవర్తాల) పాట. ఇంచుమించు అర నిమిషం. మీ గొంతులో బాగున్నదంతా అందులో పెట్టాలి, మూడు నిమిషాల పాటను సాగదీసి చూపే వీలుండదు. మూడోది, కొత్త నృత్యాన్ని కొద్ది నిమిషాల్లో పట్టుకోవడం. ఇది ప్రతిభ కంటే అలవాటుతో వచ్చేది. రోజూ ఎవరో ఒకరి అడుగులు, అద్దం లేకుండా, ఒక్కసారి చూసి చేయండి. నాలుగోది చాలామంది వినిపించుకోరు: నేర్చుకున్న ప్రతి నృత్యాన్నీ ఎడమ వైపు నుంచి, వెనక వరుసలోంచి, పక్కవారి స్థానంలోంచి కూడా నేర్చుకోండి. ఆ తరవాత ఎక్కడ ఆడిషన్‌కు వెళ్లినా దరఖాస్తులో ముఖ్య పాత్రతో పాటు స్వింగ్ అని కూడా రాయండి. నేను ఎంపికల్లో కూర్చున్నన్ని సార్లూ ఆ గడి ఖాళీగా వదిలినవారినే ఎక్కువ చూశాను.